కష్టాలు చెప్పడం నేర్పిన అమ్మగారు

పోయిన నెల అమ్మగారి భూస్థాపనకి వెళ్ళాను. జహీరాబాదు దాటాక ఎక్కడో లోపలి ఊరు. మట్టి వేసి, పాట పాడి, ప్రార్థన అయ్యాక ఆమె గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పొచ్చన్నారు. ఇంకేముంది, లేచినవాళ్ళంతా ఆమె పడ్డ కష్టాలే చెప్పారు. ఎండలో నడిచిందన్నారు, వానలో తడిసిందన్నారు, బస్సు లేక పటాన్‌చెరు నుంచి చెప్పులు చేతబట్టుకొని వచ్చిందన్నారు. ఒకాయన మరీ ముందుకు పోయి, అమ్మగారు జీవితంలో ఒక్కపూటైనా కడుపునిండా తిని ఎరగదన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నావిడ నేను ఏడుస్తున్నాననుకొని వీపు నిమిరింది.

అమ్మగారు శుభ్రంగా తినేది. వేడన్నం, పచ్చిపులుసు, పక్కన అప్పడం ఉంటే రెండో మాట మాట్లాడేది కాదు. మూడోసారి అన్నం కలుపుకుంటూ "ఇయ్యాల ఆకలి లేదు బిడ్డా" అనేది. కానీ ఆ చెప్పేవాళ్ళను నేనేమనగలను? మనిషిని గురించి అలా చెప్పాలని వాళ్ళకు నేర్పింది ఆవిడే.

మా వైపు పాస్టరుని అయ్యగారు అంటాం, పాస్టరు భార్యని అమ్మగారు అంటాం. అయ్యగారు కూడా ఆమెను అమ్మగారూ అనే పిలిచేవారు. ఆమెకు వేరే పేరుందని చిన్నప్పుడు నాకు తోచనే లేదు, పెద్దయ్యాక అడగాలనిపించలేదు. మొన్న భూస్థాపన నాడు విన్నాను గానీ ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఇంద్రేశం దగ్గర మా ఊళ్ళో రేకుల కప్పు చర్చి, దాని పక్కన రెండు గదుల ఇల్లు, ఆ ఇంటి అరుగు మీద ఆమె. తెల్లచీర. ఎండ ఉన్నా లేకపోయినా చంకలో నల్ల గొడుగు. సంచీలో పిప్పరమెంట్లు. అయ్యగారు బైబిలు వాక్యం చెప్పేటప్పుడు నిద్రపోయే పిల్లలకి ఒకటి, నిద్రపోయే పెద్దలకి రెండు.

ఆమె ప్రార్థన వినాలి మీరు. పని చేయని గుమాస్తాని ఆఫీసులో నిలదీసినట్టుండేది. "ప్రభువా, నిన్న చెప్పిన సంగతి ఏమాయె? మొన్న గూడ చెప్పిన. అంతకు ముందు వారం గూడ చెప్పిన. జెర జల్దీ చూడు" అనేది. ఊళ్ళో సంగతులన్నీ మాకు ఆ ప్రార్థనల్లోనే తెలిసేవి. "ఒకాయన మల్ల తాగుడు షురూ చేసిండు తండ్రీ, పేరు చెప్పను, నీకెర్కే. పచ్చగేటు ఇల్లు" అనగానే మేమందరం కళ్ళు మూసుకునే పచ్చగేటాయన కూర్చున్న వైపు తల తిప్పేవాళ్ళం.

అయితే ఆమె అసలు ప్రతిభ సాక్ష్యాల దగ్గర. సాక్ష్యమంటే, దేవుడు తమకు చేసిన మేలుని ఆదివారం నాడు సంఘం ముందు నిలబడి చెప్పడం. ఎవరు పడితే వాళ్ళు లేచి ఏది పడితే అది చెప్పడానికి వీల్లేదు మా దగ్గర. శనివారం సాయంత్రమే అరుగు మీద అమ్మగారికి వినిపించుకోవాలి. ఆమె చింతపండు గింజలు తీస్తూ వినేది, మధ్యలో ఆపేది.

"గంతేనా? రెండు దినాల జరమేనా?"

"అంతే అమ్మగారు. మాత్ర వేస్తే తగ్గింది."

"మాత్ర సంగతి చెప్పకు. డాక్టరు ఏమన్నడు?"

"ఏం గాదన్నడు."

"అదీ చెప్పకు. జరమొచ్చినప్పుడు నీకేమనిపించింది? పోరడు చేతికి రాడనిపించిందా లేదా?"

"జెర అనిపించింది."

"ఆ, గది చెప్పు. గింతంత కష్టం చెప్తే దేవునికి ఏం మహిమ? ముందు మనం గుంతల వడాలె, అప్పుడు గద ఆయన లేపేది."

అబద్ధం మాత్రం ఆడనిచ్చేది కాదు. ఆ విషయంలో మహా కచ్చితం. పడ్డ కష్టాన్ని పూర్తిగా చెప్పాలి, సుఖం సంగతి ఎత్తకూడదు, ఎత్తకపోతే అది అబద్ధం కాదు. ఇదీ పద్ధతి. దాంతో మా చర్చిలో సాక్ష్యాలన్నీ గుంతలో పావుగంట ఉండేవి. చివర్లో "ఇప్పుడు దేవుని దయవల్ల మంచిగున్నం" అని ఒక్క ముక్క అనేసి కూర్చునేవాళ్ళు.

మా నాయిన పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేసేవాడు. ఆయన సాక్ష్యం సంఘానికి బాగా ఇష్టం. పెంకుటిల్లు, వానాకాలం, ఇంటినిండా గిన్నెలు, కురవని మూల కోసం నన్ను ఎత్తుకొని రాత్రంతా తిరగడం. అందరూ కళ్ళొత్తుకునేవాళ్ళు. ఆ తర్వాత మేము స్లాబు వేశాం. స్లాబు వేసిన నాడు మా అమ్మ సంఘమందరినీ పిలిచి మాంసంతో అన్నం పెట్టింది, అందరూ తిని మిద్దె ఎక్కి చూసి పోయారు. మరుసటి నెల నాయిన మళ్ళీ కురిసే ఇంటి సాక్ష్యమే చెప్పాడు. ఆ స్లాబు కింద అన్నం తిన్నవాళ్ళే మళ్ళీ కళ్ళొత్తుకున్నారు. మా అమ్మ ఒక్కతే పళ్ళు కొరుక్కుంది.

నేను సంగారెడ్డిలో మిషన్ హాస్టల్లో ఉండి ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి చదివాను. ఆ ఏడే అమెరికా నుంచి ఇద్దరు భార్యాభర్తలు మా చర్చి చూడటానికి వచ్చారు. వాళ్ళ మాటలు మా వాళ్ళకి, మా వాళ్ళ మాటలు వాళ్ళకి చెప్పే పని నా మీద పడింది. తిరిగి వెళ్ళాక వాళ్ళు ఉత్తరం రాశారు. వాళ్ళ చర్చి నడిపే హైస్కూల్లో నాకు సీటు ఇస్తాం, చదువూ తిండీ హాస్టలూ అన్నీ మావే, రెండేళ్ళు చదివి హైస్కూలు పూర్తి చేసుకోమన్నారు. బడి తెరిచేలోపు వీసా తెచ్చుకుని రావాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మా ఊళ్ళో ఇంటర్ దాకా చదివిన ఆడపిల్లలే తక్కువ. నాకా ఉత్తరం చూసిన దగ్గర్నుంచి కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పట్లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు, వీసా కావాలంటే మద్రాసు పోవాల్సిందే. అక్కడ ఇంటర్వ్యూ ఉంటుందని తెలిసి నాయిన పరేషానయ్యాడు. అమ్మగారు మాత్రం తేలిగ్గా తీసేసింది.

"ఏమడుగుతరు? నువ్వెవరు, ఏంటికి పోతున్నవ్, గంతే గద? అది సాక్ష్యమే. నాకిడిచిపెట్టుండ్రి."

ఇడిచిపెట్టాం. అదీ మేము చేసిన పని.

చర్చి వెనక గదికి ఊచల కిటికీ ఒకటి ఉండేది. అమ్మగారు లోపల స్టూలు మీద కూర్చునేది, నేను బయట ఎండలో నిలబడాలి. ఆఫీసరులా కనబడాలని అయ్యగారి పెళ్ళిళ్ళ కోటు తెల్లచీర మీద తొడుక్కుంది. ఒకరోజు అయ్యగారు వచ్చి మెల్లిగా, "జెర కోటియ్యి అమ్మగారూ, పెండ్లికి టైమైతున్నది" అన్నారు. ఆమె తల తిప్పకుండా, "ఆగుండ్రి, ఇంటర్వ్యూ నడుస్తున్నది" అంది. ఆ రోజు పెళ్ళికూతురు ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు.

వయసులో ఉన్నప్పుడు మిషన్‌లో ఒక తెల్ల దొరసాని దగ్గర నేర్చుకున్నది కాబట్టి ఆమె ఇంగ్లీషంతా ప్రార్థనల ఇంగ్లీషు. వీసా ఇమ్మని అడిగేది కూడా పరలోకాన్ని అడిగినట్టే ఉండేది. భాష నేను సర్దుకున్నాను గానీ సంగతులు మాత్రం ఆమె చెప్పినవే. పెంకుటిల్లు, గిన్నెలు, నీళ్ళు లేక ఎండిన బావి, ఏమీ పండని రెండెకరాలు, ఎప్పుడు మూసేస్తారో తెలియని ఫ్యాక్టరీ. మాకు ఈ లోకంలో ఎవరూ దిక్కు లేరు, ఏదీ లేదు, ఈ ఒక్క తలుపే దేవుడు తెరిచాడు. దిక్కు లేరన్న చోట గొంతు కొంచెం తగ్గించాలి. నేను తగ్గిస్తే ఊచల వెనక ఆఫీసరు కోటు చేతితో కళ్ళు తుడుచుకునేది.

నాయినకి సెలవు దొరక్కపోవడంతో మద్రాసుకి నన్ను అమ్మగారే తీసుకెళ్ళింది. కాన్సులేటు లోపలికి వీసా అడిగేవాళ్ళనే పంపారు. ఆమె రోడ్డుకి అవతల గొడుగేసుకొని నిలబడింది. అద్దం వెనక పడుచు తెల్లాయన, ముక్కు మీద మచ్చలు, మర్యాదగల మనిషి. మీ నాన్న ఏం చేస్తారు, సొంత ఇల్లుందా అని అడిగాడు. నేను చేతులు కట్టుకొని మొదలుపెట్టాను. ఇల్లు కురవడం చెప్పాను, బావి ఎండటం చెప్పాను. ఆయన మొహంలో జాలి కనిపించింది. పని అవుతోందనుకొని ఇంకా లోతుకి పోయాను. దిక్కు లేరన్న చోట గొంతు కూడా తగ్గించాను. ఆ తర్వాత చెప్పాల్సినవి, దేవుడు మమ్మల్ని లేపడం, స్లాబు, అవన్నీ ఉన్నాయి. కానీ ఆయన అక్కడే చెయ్యి ఎత్తి ఆపి, "సారీ" అని ఒక కాగితంతో పాటు పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడు.

బయటికొచ్చి రోడ్డు ఎలా దాటానో కూడా నాకు తెలియలేదు. టీకొట్టు దగ్గర అమ్మగారికి ఆ కాగితం చదివి తెలుగులో చెప్పాను. చదువయ్యాక మీరు మీ దేశానికి తిరిగి వెళ్తారని నమ్మడానికి అక్కడ మీకు గట్టి బంధాలున్నట్టు చూపలేకపోయారు, అని దాని సారాంశం.

ఆమెకి కోపమొచ్చింది. "బంధాలు లేవా? మనకా? ఊరు ఊరంత చుట్టాలే గద! నువ్వేం చెప్పినవ్ అసలు?"

"మీరు చెప్పమన్నదే చెప్పిన."

"యాదికున్నట్టు మల్ల చెప్పు."

టీకొట్టు ముందు నిలబడి మొత్తం చెప్పాను. అక్కడ కూడా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మంచిగ చెప్పినవ్ బిడ్డా, ఒక్క మాట తప్పలే" అంది. గ్లాసు కింద పెట్టింది. కాసేపటికి ఆమె మొహం పాలిపోయింది.

"అయ్యో, గదే మన కొంప ముంచింది. ఇంటికాడ ఏం లేదు, ఎవ్వరు లేరు అంటే, ఇగ ఈ పిల్ల వాపస్ ఏంటికొస్తది అనుకున్నడు ఆయన. నేనైనా గట్లనే అనుకుందు."

రైల్లో ఆమె ప్రార్థన చేయలేదు. నేను ఏడుస్తుంటే పిప్పరమెంటు చేతిలో పెట్టింది. కొంతసేపటికి మళ్ళీ ఇంకొకటి పెట్టింది. పటాన్‌చెరులో బస్సు దిగుతున్నప్పుడు మాత్రం, "తప్పు నాది, నీది గాదు. మల్ల పోదాం" అంది. బడి తెరవడానికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. ఒక్కసారి వెళ్ళొచ్చేంత టైము మాత్రం ఉంది.

ఈసారి తిరగేసి చెప్పాలి. చెప్పడానికి సులువే, ఆమెకే నోరు రాలేదు. ఉన్నవి ఉన్నాయని చెప్పుకోవడం గొప్పలకు పోవడమని జన్మంతా బోధించిన మనిషి. ముందు నాయినని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది.

"నీకేమేం ఉన్నయ్ చెప్పు."

"ఏమున్నది అమ్మగారూ, అంతా దేవుని దయ."

"దేవుని దయ నాకెర్కే. నీ దగ్గరేమున్నదో చెప్పమంటున్న."

"మాలాంటోళ్ళకు ఏముంటది..."

"గిట్లనే చెప్పి పోరి బతుకు ఆగం జేస్తిమి గదయ్యా!"

నాయిన తల వంచుకొని కూర్చున్నాడు. ఆయన సిగ్గు కూడా నిజమైనదే. ఉందని చెబితే పోతుందని భయమో, దేవుడి ముందు మాట తిప్పినట్టవుతుందనో, పెదవి విప్పలేదు. నేను కూడా అంతే. ఊచల కిటికీ ముందు నిలబడి "మాకు సొంత ఇల్లు ఉంది" అనబోతే నవ్వొచ్చేది, లేకపోతే దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తల దించుకునేదాన్ని.

ఇది ఇంటిదగ్గర అయ్యే పని కాదని ఆమెకి తోచింది. ఆ ఆదివారం పాటలయ్యాక లేచి నిలబడింది.

"ఇయ్యాల కష్టాలు బంద్. ఎవ్వరు కష్టం చెప్పొద్దు. దేవుడు ఇచ్చినయ్, ఇంట్ల ఉన్నయ్ ఉన్నట్టు చెప్పుండ్రి. ఈ పిల్ల విని నేర్చుకోవాలె."

ఎవరూ లేవలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయ్యగారు దగ్గారు. చివరికి అమ్మగారు మా నాయిన వైపు గొడుగు చూపించింది. నాయిన లేచాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మా ఇల్లు... స్లాబే."

వెనక నుంచి ఎవరో, "కురుస్తలేదా?" అన్నారు.

"కురుస్తలేదు."

"మరి పోయిన నెల ఎట్ల కురిసింది?" అని అమ్మగారే గద్దించింది.

"అలవాటు మీద కురిసింది అమ్మగారూ."

చర్చి అంతా ఘొల్లుమంది. మా అమ్మ అన్నేళ్ళకి మొదటిసారి తలెత్తి చుట్టూ చూసింది. ఆ నవ్వుతో కట్ట తెగింది. ఒకాయన తనకు రెండు పాడి బర్రెలున్నాయన్నాడు. ఇంకొకావిడ తన మొగుడు కొట్టడు, తిట్టడు, జీతమంతా చేతికిస్తాడని చెప్పి గబుక్కున కూర్చుంది. శాంతమ్మవ్వ కర్ర పట్టుకొని లేచింది. కోడళ్ళు తనను సాధిస్తున్నారని ఏళ్ళ తరబడి మా అందరి చేత ప్రార్థన చేయించిన మనిషి. "నాకిద్దరు కోడండ్లు. మంచోళ్ళే" అంది. ఆ ఇద్దరూ నోరెళ్ళబెట్టి అత్త వంక చూశారు. చిన్న కోడలు అక్కడికక్కడే ఏడ్చేసింది. చిత్రమేమిటంటే ఆ రోజు ఏడ్చినంతగా మా సంఘం కష్టాలకి కూడా ఎన్నడూ ఏడవలేదు.

అంతా అయ్యాక ఎవరో కుర్రాడు అడిగాడు. "అమ్మగారూ, మరి మీకేమున్నది?"

ఆమెకి పిల్లలు లేరు. ఇల్లు చర్చిది. అయ్యగారిని బదిలీ చేసినప్పుడల్లా ట్రంకుపెట్టె సర్దుకొని పోవాల్సిందే. ఆమె "నాకా? గొడుగున్నది" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు.

రెండోసారి మద్రాసుకి నాయిన కూడా వచ్చాడు. పట్టా పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన కాగితం అన్నీ నా చేతిలో పెట్టి ఇద్దరూ రోడ్డుకి అవతలే ఉండిపోయారు. ఈసారి అద్దం వెనక పెద్ద వయసు ఆడమనిషి, గొలుసున్న కళ్ళజోడు. నేను తల ఎత్తుకొని చెప్పాను. సొంత ఇల్లుంది, స్లాబు ఇల్లు, కురవదు. రెండెకరాల పొలముంది, ఏం పండదు గానీ పక్క పొలం దాకా ప్లాట్ల లేఅవుటు రాళ్ళు పాతారు, ధర పెరుగుతోంది. నాన్నది పర్మినెంటు ఉద్యోగం. ఆవిడ కాగితాలు తిప్పి పక్కన పెట్టింది.

"ఇవన్నీ మీ నాన్నవి. నువ్వెందుకు తిరిగొస్తావు?" అని అడిగింది.

దీనికి జవాబు మేము తయారు చేసుకోలేదు. అమ్మగారి ఊచల కిటికీలో ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. తోచింది చెప్పేశాను.

"మా చర్చిలో ఒక రివాజుంది మేడమ్. మేలు పొందినవాళ్ళు వచ్చి అందరి ముందు నిలబడి చెప్పాలి. చెప్పకపోతే ఆ మేలు పూర్తయినట్టు కాదు. నేను వెళ్ళి చదువుకొని ఊరుకుంటే కుదరదు. వచ్చి చెప్పాలి. దానికోసం కూర్చొని ఉండేవాళ్ళున్నారు. మా అమ్మగారు ఒకావిడ బయటే నిలబడి ఉంది. ఆమె ఎవరినీ మధ్యలో వదిలిపెట్టదు."

"మీ అమ్మా?"

"కాదు. మా పాస్టరు గారి భార్య. కానీ మా అమ్మ కన్నా ఎక్కువ భయం."

ఆవిడ ఫక్కున నవ్వింది. నా వంక కాసేపు చూసింది. "సరే, వెళ్ళి చదువుకో. వచ్చి చెప్పు" అని పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుంది. ఉంచుకుంటే వీసా వచ్చినట్టని నాకు బయట క్యూలోనే తెలిసింది. రోడ్డు మీదికి పరిగెత్తాను. నాయిన ఆటోల మధ్యలోంచి ఎదురొచ్చాడు. అమ్మగారు గొడుగు మడిచి, మద్రాసు నడివీధిలో, పెద్ద గొంతుతో, దేవుణ్ణి మొట్టమొదటిసారి మెచ్చుకుంది. "ఈసారి జల్దీనే చేసినవ్ తండ్రీ!"

అక్కడి రెండేళ్ళ సంగతి ఇక్కడ అనవసరం. చలి, కొత్త కూడు, కొత్త స్నేహాలు, బోలెడంత చదువు. బాగానే గడిచాయి. చివర్లో మా టీచరు, ఇక్కడే కాలేజీలో చేరు, నేను చూస్తాను అంది. ఏం చెయ్యాలో తోచక, అమ్మగారు ఎప్పుడుంటుందో ముందే ఉత్తరంలో కనుక్కొని, ఎస్టీడీ బూతుకి ఫోన్ చేశాను. ఊళ్ళో ఎవరు ఏ పొద్దు ఏ కూర వండాలో కూడా చెప్పే మనిషి కదా, దీనికీ ఏదో ఒకటి ఖరారుగా చెప్పేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "నీకెట్ల మంచిదనిపిస్తే గట్ల చెయ్యి బిడ్డా" అని ఫోన్ అయ్యగారికి ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. ఇంతేనా ఈమెకి నా మీద ఉన్నది అని ఆ రోజంతా ఏడ్చాను.

అయినా వచ్చేశాను. ఆ కళ్ళజోడు ఆవిడకి చెప్పిన మాట కోసమా, బెంగతోనా, ఇంటి అన్నం కోసమా అంటే ఇప్పటికీ విడదీసి చెప్పలేను. అందరూ పిచ్చిదానివన్నారు. దొరికిన దేశాన్ని వదులుకున్నందుకు మా మేనమామ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. నేను వచ్చేసరికి అయ్యగారికి బదిలీ అయిపోయింది. కొత్త పాస్టరు ముందు, మా చర్చిలో, సంఘం ముందు నిలబడి నా సాక్ష్యం చెప్పాను. ఎవరూ ముందురోజు వినలేదు, ఎవరూ మధ్యలో ఆపలేదు. చప్పగా ఉంది. మరునాడే బస్సెక్కి ఆమె ఉన్న ఊరు వెతుక్కుంటూ పోయాను.

వేరే అరుగు మీద, అదే తెల్లచీరలో, చాటలో చింతపండు పెట్టుకొని కూర్చుంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. తిన్నావా అంది, చిక్కినవ్ అంది, ఆ దేశంలో అన్నమే పెట్టరా అంది. తర్వాత చాటలోకి చూస్తూ అడిగింది.

"మల్ల ఎప్పుడు పోతవ్?"

"పోనమ్మగారూ. సంగారెడ్డిల కాలేజీల చేరిన."

"సెలవులకు వచ్చినవ్ గద?"

"కాదు, వచ్చేసిన."

ఆమె చేతులు ఆగిపోయాయి. కొంగుతో మొహం తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. అందరినీ ఏడిపించే మనిషి తన సంగతికి తాను ఏడవడం నేను అప్పుడే చూశాను. అది ఆమెకి సరిగ్గా చేతకాలేదు కూడా.

"ఆ మద్రాసు ఆఫీసరమ్మ నమ్మింది బిడ్డా, నువ్వెవరో ఆమెకి ఎర్కనే లేదు. నేను నమ్మలే. వాపస్ వస్తవని వాళ్ళు నమ్మేటట్టు ఉన్నయన్ని చెప్పుడు నీకు నేనే నేర్పిన గని, లోపల మాత్రం ఇగ ఈ పిల్ల రాదు, అయిపోయింది అనుకున్న."

ఆమెను నవ్విద్దామని అన్నాను. "అన్నిటికి దేవుని యెంబడి పడ్తరు గద అమ్మగారూ. నన్ను తోలుకరమ్మని అడగకపోయిండ్రా?"

"అడగలే."

"ఒక్కసారి గూడనా?"

"ఒక్కసారి గూడ అడగలే. అడిగితే ఇస్తడేమోనని భయమైంది. నువ్వక్కడ మంచిగ చదువుకుంటుంటే, నా కోసమని ఆయన నిన్ను గుంజుకొస్తే ఎట్ల?"

చాట పక్కకి జరిపి, ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాను.